సగం లారీ పొత్తు

"సగం లారీయే మీది సార్. మిగతా సగం వాళ్లది. వాళ్ల సరుకెక్కకుండా బండెలా కదుల్తాది?" అన్నాడు ఫోనులో బంగార్రాజు.

సత్యప్రసాద్‌కి ఒళ్లు మండింది. టెల్కో కాలనీ పక్కన తను చూసుకునే కంపెనీ గోడౌన్‌లో పొద్దున్న తొమ్మిదికల్లా బ్రేకు లైనింగుల పెట్టెలన్నీ ఎక్కించి పంపాడు. సాయంత్రం నాలుగైనా ఆ లారీ ఊరు దాటలేదు. ఎవరో రెండో పార్టీ వాకిట్లో తీరిగ్గా నిలబడి ఉంది.

"ఆ వాళ్లెవరయ్యా?"

"పార్టీ పేరు సెప్పకూడదండి బాబూ. మా యాపారంలో మిగిలిన మరేద అదొక్కటే."

బంగార్రాజు టాటానగర్ స్టేషను దగ్గర లారీలు కుదిర్చే బ్రోకరు. లారీ నిండా సరుకు లేనివాళ్లని ఇద్దరిద్దరిని కలిపి ఒకే బండిలో పంపిస్తాడు. పార్ట్ లోడ్ అంటారు దాన్ని. కిరాయి సగమే పడుతుంది. పక్కవాడి బద్ధకం మాత్రం పూర్తిగా మన నెత్తినే పడుతుంది.

పద్దెనిమిదేళ్లుగా విశాఖ బ్రాంచికి చెప్పిన రోజుకి సరుకు చేర్చిన మనిషి సత్యప్రసాద్. ఈ పొత్తు మొదలైన ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఆలస్యమైంది. పోయిన వారం కలకత్తా ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం కూడా వచ్చింది. అలాంటి ఉత్తరం ఆయన పేరు మీద రావడం అదే మొదలు. రెండు రాత్రులు ఆయనకి అన్నం సహించలేదు.

"ఆ మహానుభావుడు ఇంకా నిద్ర లేచాడో లేదో!" అన్నాడు ఫోను పెట్టేసి.

డిస్పాచ్ రిజిస్టరు రాస్తున్న నేహ నవ్వింది. ఇంట్లో తెలుగే అయినా, ఆ పిల్ల నోట హిందీయే ముందొస్తుంది. "సర్, ఘర్‌వాలోఁ సే జ్యాదా ఆప్ ఉన్హీ కో యాద్ కర్తే హైఁ" అంది. ఇంట్లోవాళ్లకంటే ఆ మనిషినే ఎక్కువ తలుచుకుంటున్నారని వేళాకోళం.

"తలుచుకోవడం కాదమ్మా, తిట్టుకోవడం."

ఆ తర్వాతి లోడుకి అవతలి పార్టీ నుంచి కబురొచ్చింది.

"సార్, మీరు పెట్టెల్ని పరుపుల్లా పరిసేత్తన్నారంట. వాళ్ల సగంలోకి కాళ్లు సాపేత్తన్నారని ఆయన గొడవ" అన్నాడు బంగార్రాజు.

"ముందు ఆయన్ని పొద్దున్నే లేవడం నేర్చుకోమను!"

"అలాగే సెప్తాను." అరగంటలో మళ్లీ ఫోను. "సెప్పాను సార్. ముందు మిమ్మల్ని సర్దడం నేర్సుకోమన్నారు."

నేహ రిజిస్టరు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సత్యప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏటి సార్ ఇది, మజ్జిన నేను నలిగిపోతన్నాను. నంబరిత్తాను, మీరూ మీరూ ఓసారి మాటాడుకోండి."

"నాకు అక్కర్లేదు. నా పెట్టెలకీ వాళ్ల పెట్టెలకీ ఏ చుట్టరికమూ లేదు. ఈసారి నుంచి నాకు ఫుల్ లారీ కావాలి."

"సరుకు సగమే కదండీ?"

"గాలి పంపుకుంటాను. నీకెందుకు?"

అనడమైతే అన్నాడు గానీ, ఫుల్ లారీకి జనరల్ మేనేజరు ఒప్పుకోవాలి. ఆ రాత్రి కూర్చుని ఆయనకి రెండు పేజీల ఉత్తరం రాశాడు. రెండో పార్టీ క్రమశిక్షణారాహిత్యం వల్ల కంపెనీ పరువు పోతోందన్నాడు. ఆ మాట తనకే తెగ నచ్చి కింద గీత కూడా గీశాడు.

నాలుగో రోజున జనరల్ మేనేజరు సోమశేఖర్ గారే కలకత్తా నుంచి ఫోను చేశారు. "మీకూ ఫుల్ లారీయేనా? సరే, కానివ్వండి. సరుకు మాత్రం టైముకి చేరాలి" అన్నారు విసుగ్గా.

గురువారం లారీ వచ్చింది. పెట్టెలన్నీ ఎక్కించినా వెనక సగం బోసిగా ఉంది. పెట్టెలు జారిపోకుండా డ్రైవరు గొణుక్కుంటూ తాళ్లు బిగించాడు.

"సర్, ఇస్‌మే తో క్రికెట్ ఖేల్ సక్తే హైఁ" అంది నేహ లోపలికి తొంగిచూసి.

"ఆడుకుందాం. ఎవరూ అడగరు. మొత్తం మనదే!"

పది గంటలకల్లా లారీ వెళ్లిపోయింది. ఎనిమిది నెలల తర్వాత సత్యప్రసాద్ హాయిగా టీ తాగాడు. గ్లాసు సగమయ్యేసరికి మనసులో ఏదో గుచ్చుకుంది. ఆ రెండో మనిషికి బండి దొరికిందో లేదో! ఎంతైనా ఎనిమిది నెలల పొత్తు. ఉండబట్టలేక బంగార్రాజుకి ఫోను చేశాడు.

"ఆయనకేటి సార్! ఆయనా ఫుల్ లారీయే కట్టించాడు. మీ పక్కన సస్తే కూసోనన్నాడు. నాకు ఒక బండి బేరం రెండు బళ్లయింది. మీరిద్దరూ సల్లగుండాలి!"

"మొండివాడే" అనుకున్నాడు సత్యప్రసాద్. ఎందుకో ఆ మనిషి మీద మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

శనివారం మధ్యాహ్నం విశాఖ బ్రాంచి నుంచి ఆదిబాబు ఫోను.

"సరుకు టైముకి వచ్చిందా?" ఆత్రంగా అడిగాడు సత్యప్రసాద్.

"గంట ముందే వచ్చిందండి. కానీ గేటు దగ్గర రెండు లారీలు నిలబడ్డాయి. రెండూ సగం ఖాళీ. ఎప్పుడూ ఒకదాంట్లోనే కదా పంపేవారు?"

సత్యప్రసాద్ గర్వంగా కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదటిదే మనది ఆదిబాబు గారూ. రెండోది ఎవరిదో దారితప్పి వచ్చుంటుంది. పొమ్మనండి."

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు.

"ఎలా పొమ్మననండీ, అది మన కంపెనీ మీ ఊళ్లోనే తెరిచిన కొత్త గోడౌన్ సరుకే!"