టేకు కుర్చీ

ఇప్పుడు విజయవాడలో ప్రతి దుకాణం గుమ్మానికీ ఒక ధర్మదీపం ఉంది. నీళ్లు, కరెంటు ఆదా చేసి, పనివాళ్లను బాగా చూసుకుంటే పచ్చగా వెలుగుతుంది. ఎర్రబడితే ఆ మెట్టు ఎవరూ ఎక్కరు.

రంగనాయకులు గారి పట్టుచీరల దుకాణానిది ఆరేళ్లుగా పచ్చదీపమే. చెట్లను కాపాడాలంటూ ఆ మహానుభావుడు చీరలు చూపించే అమ్మాయిల కుర్చీలన్నీ తీయించేశాడు. దానికీ మార్కులు పడ్డాయి. తన టేకు కుర్చీ మాత్రం కదల్లేదు.

దీపం రోజూ సాయంత్రం ఆ అమ్మాయిల్లో ఒకరిని ప్రశ్నిస్తుంది. ఈరోజు మృదుల వంతు. పెళ్లయి నెలే అయింది. రోజంతా నిలబడి ఉబ్బిన కాలివేళ్లను కోస్తున్నా, కొత్త మెట్టెలను చూసుకుంటే ఆమెకు ముచ్చటే.

"కూర్చున్నానని చెప్పమ్మా. లేదంటే రేపట్నించి రానక్కర్లేదు," అని చెవిలో గొణిగాడు రంగనాయకులు.

"ఈరోజు కూర్చున్నారా?" అడిగింది దీపం.

"ఒక్క నిమిషమండీ." మృదుల వెళ్లి టేకు కుర్చీలో కాళ్లు బారజాపుకుని కూర్చుంది. "ఆ, కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"మా సారు లెమ్మనేదాకా."

దీపం వింటూనే ఉంది. రంగనాయకులు లెమ్మనలేక, చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు.