చేతులు దిగనివాడు

"వాణ్ణి ఇక్కడే బండిలో పడుకోబెట్టు" అంది మారికా తల్లి హెల్వె, బేకరీ ముందు మంచులో ఆగి.

అప్పటికే అక్కడ పసిపిల్లల బండ్లు రెండు ఉన్నాయి. రక్వెరె ఊళ్లో పిల్లలు చలిగాలికి బయట నిద్రపోతారు, తల్లులు లోపల కాఫీ తాగుతారు. ఆ సంగతి మారికాకు తెలుసు. ఆమె కొడుకు ఉకుకే తెలియదు. పుట్టి నెలైనా వాడు చేతుల్లో తప్ప కన్ను మూయలేదు.

"ఏడుస్తాడమ్మా."

"కాసేపు ఏడుస్తాడు. రేపట్నించి నేను డ్యూటీకి పోవాలి. ఒక్కదానివి ఎలా నెగ్గుకొస్తావే? నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

మారికా వాణ్ణి పడుకోబెట్టి, గడ్డందాకా కప్పి, బండి తెర దించింది. వాడు రాగం అందుకున్నాడు. లోపల కూర్చున్నదన్న మాటేగాని ఆమె ప్రాణమంతా కిటికీ అవతలే ఉంది. రెండుసార్లు వెళ్లి బండి ఊపి వచ్చింది. మళ్లీ లేవబోతుంటే ఏడుపు ఆగిపోయింది.

"ఎత్తుకోకుండానే పడుకున్నాడే!"

"తెర ఎత్తి చూశావో, లేచి కూర్చుంటాడు. ముందు నువ్వు తిను" అంది హెల్వె.

నెల తర్వాత మొదటిసారి మారికా రెండు చేతులతో మీగడ బన్ను తింది. తింటూ ఏడ్చింది. పాపం, ఆ ఏడుపు సంతోషానికే.

బయటికొచ్చేసరికి కొత్తగా కురిసిన మంచుతో బండ్లన్నీ ఒకేలా తెల్లబడి ఉన్నాయి. హెల్వె బస్సెక్కింది. మారికా చివరి బండి తోసుకుంటూ ఇంటిదారి పట్టింది.

వీధి మలుపులో బండిలోంచి కేరుమని ఏడుపు. తెర ఎత్తింది. గోధుమరంగు కళ్లు, బూరె బుగ్గలు. ఎవరి బిడ్డో!

ఇంతసేపు హాయిగా నిద్రపోయింది ఈ బిడ్డేనేమో. ఉకు ఎక్కడ గుక్కపట్టి ఏడుస్తున్నాడో! ఎవరికి పుట్టినా బిడ్డ బిడ్డే కదా, ఆ పాపను సముదాయిస్తూనే వెనక్కి పరుగుతీసింది.

ఎదురుగా ఒకావిడ మరో బండి తోసుకుంటూ వస్తోంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. మారికా చేతిలోని బండిని చూసి ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయినా అడుగులో అడుగేసుకుంటూనే నడుస్తోంది.

"ఉకూ!" అని కేకపెట్టబోయింది మారికా.

ఆవిడ చప్పున పెదవులమీద వేలు పెట్టుకుంది. "ష్... అరవకు తల్లీ! మీవాడింకా నిద్ర లేవలేదు."