రేకుల కొట్టులో కీర్తన

మా ఆవిడ పొద్దున్నే కీర్తన ఎత్తుకుంటే, అది వినబడకుండా నేను కొట్టులో రేకు మీద సుత్తితో దడదడ కొట్టేవాణ్ణి. పెళ్ళయిన నాటి నుంచీ అదే తంతు.

మొన్న ఆమె గొంతుకు ఆపరేషనైంది. మాట పోయింది. పాస్టరుగారు చూడ్డానికొచ్చి, "శ్రమల్లో ఆనందించాలమ్మా" అన్నారు.

"మీ గొంతు బాగానే ఉందిగా అయ్యగారూ, ఆ ఆనందమేదో ముందు మీరు కానివ్వండి" అన్నాను. ఆయన టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు ఆమె మామూలుగానే చేతులు జోడించి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా నవ్వుమొహంతో పెదాలు కదుపుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత నిశ్శబ్దంలో ఎవడు పని చేస్తాడు?

"ఇక ఆపవే, నేను పాడతా" అని ఆమె కీర్తన అందుకుని, ఒక్క చరణమూ తప్పకుండా పాడాను.

ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. లేచొచ్చి నా సుత్తి లాక్కుని, నా పాట వినబడకుండా రేకు మీద దడదడ కొట్టింది.