వెనక్కి చూడకుండా

“లే రత్నా. ఇంటికి పోదాం.”

పాడుబడ్డ రాణీమేడ వెనక పెరట్లో నిలబడి ఫల్గుణ పిలిచాడు. దగ్గి, మళ్ళీ పిలిచాడు. గోడ మీద ఉడత ఒకటి ఆగి చూసి పగులులోకి దూరింది.

చనిపోయిన భార్య జవాబివ్వదని అతనికి తెలుసు. జవాబు కోసం రాలేదు. క్యారియర్ మీద మడిచి వేసిన దుప్పటి సరిచేసి, సైకిల్ స్టాండు తీశాడు. ఆ తర్వాత వెనక్కి చూడలేదు.

చూడకూడదని దిసారి మంగ్లు చెప్పాడు. ఊళ్ళో ముహూర్తాలు పెట్టేది, పూజలు చేసేది ఆయనే.

“బయట పోయిన మనిషి నీడ పోయినకాడే కూకుంటది. ప్రాణం పోయిన సోటే పిలవాల. ఇంకో సోట పిలిస్తే దానికినపడదు. అయినోళ్ళు ముందు నడవాల. గెడ్డొస్తే ఏరొచ్చిందని సెప్పు, మలుపొస్తే మలుపని సెప్పు. ఎనక్కి సూసావో, అక్కడే ఆగిపోద్ది.”

పోయిన నెల ఊరంతా డప్పులతో వెళ్ళి పిలిచింది. నీడ వస్తే అడుగు పడాలని గడపలో పరిచిన బూడిద పరిచినట్టే ఉంది. ఆ రోజు నుంచి రత్న తల్లి సోములమ్మ అన్నం ముట్టడం మానేసింది. గంజి పోస్తే పక్కకి తోసేస్తోంది.

“నా గుంట, నా కన్నకూతురు, వానలోనో ఎండలోనో కూకునుంటే నాకు మెతుకెలా దిగుద్ది?” అంటుంది.

నిన్న అల్లుడి చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి పుల్లలా ఉంది.

“డప్పులకి బెదిరిందేమో బాబూ. నువ్వొక్కడివే ఎల్లు. నీ మాటైతే ఇంటది.”

అందుకే వచ్చాడు.

“మెల్లగానే పోదాంలే,” అన్నాడు ముందుకు చూస్తూ. “తొందర నీకు నచ్చదు కదా.”

ఆ లోయలో తొందరపడేవాళ్ళు తక్కువ. అటవీశాఖ కంచె దాటి లారీలు రావు. ఏటి పక్కన ఎర్రమట్టి దారి, ఆ దారి వెంట అక్కడొకటి ఇక్కడొకటి, వేసవికి కొండెక్కే జమీందార్లు ఒకప్పుడు కట్టుకున్న మేడలు. తొంభై ఆరులో పెళ్ళయిన కొత్తలో, కాఫీ కోత ముగిసినప్పుడల్లా ఇద్దరూ ఇలా వచ్చేవాళ్ళు. రత్న క్యారియర్ మీద కూర్చుని, ఏ మేడలో ఏ గది తనదో చెప్పేది. వంటగది మాత్రం ప్రతి మేడలోనూ ఫల్గుణకే ఇచ్చేది.

“గుర్రాలశాల వచ్చింది. ఈ వానలకి పైకప్పు కూలింది. నువ్వు చూసినప్పుడు ఉండేది.”

పెడల్ బరువెక్కింది. టైరులో గాలి తగ్గిందనుకున్నాడు. దారి పల్లమే, అయినా లేచి నిలబడి తొక్కాల్సి వస్తోంది. వంగి ముందు చక్రం చూశాడు. బాగానే ఉంది. వెనక చక్రం చూసే వీల్లేదు. క్యారియర్ మాత్రం కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

అతని మెడ మీద వెంట్రుకలు లేచాయి. కాసేపటికి కళ్ళు తడిశాయి.

“తప్పయిపోయింది రత్నా,” అన్నాడు.

చాలా దూరం తొక్కాడు. వలిసె పూల మీద ఎండ వాలుతోంది.

“దర్బారుమేడ. మలుపుంది, గట్టిగా పట్టుకో.”

ఏటి రేవు దగ్గర టీకొట్టు అప్పలస్వామి గ్లాసులు కడుగుతున్నాడు. విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. సైకిల్ చూసి కేకేశాడు.

“ఏటి ఫల్గుణా, అలా ఎల్లిపోతన్నావు? ఇక్కడాగవేటి?”

నీడని తెచ్చేటప్పుడు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. ఫల్గుణ అతనివైపు తలైనా తిప్పలేదు.

“ఏరు వచ్చింది. కాళ్ళు పైకి పెట్టుకో,” అని గొణిగి, దిగి సైకిల్ నీళ్ళలోకి నడిపించాడు. మోకాలి లోతు కూడా లేదు. అయినా మధ్యలో ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టయింది. అవతలి గట్టు చేరేదాకా ఊపిరి బిగపట్టే ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాడు. గడపలో బూడిద పరిచి, దాని మీద వెదురుబుట్ట బోర్లించి ఉంచారు. పక్కన మంగ్లు. లోపల గోడకి చేరగిలబడి సోములమ్మ.

“ఇల్లు వచ్చింది రత్నా. దిగు.”

సైకిల్ ఒక్కసారిగా తేలికయింది. హ్యాండిల్ చేతిలోంచి జారబోతే పట్టుకున్నాడు.

మంగ్లు కొంతసేపు ఆగి, బుట్ట ఎత్తాడు.

బూడిదలో ఒక పాదం అచ్చు. చిన్నది, ఆడమనిషిది. వేళ్ళు ఇంటివైపు ఉన్నాయి.

సోములమ్మ పాకుతూ వచ్చింది. ముట్టుకోలేదు. అచ్చు చుట్టూ గాలిలోనే వేలు తిప్పింది.

“వచ్చీసింది. నా గుంట వచ్చీసింది.”

“ఇప్పుడైనా తింటావేటే మొండిదానా?” అన్నాడు మంగ్లు. “గంజి తెండర్రా బేగి. ఇది మళ్ళీ మనసు మార్చుకోగల్దు.”

ఎవరో నవ్వారు. ఎవరో ఏడ్చారు. సోములమ్మ గంజి మొత్తం తాగింది. గిన్నె కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, అల్లుడి మొహంలోకి చూసింది.

“కొట్టుకుపోయిందని నువ్వు సూపించిన ఆ ఏటి రేవు కాడే ఊరంతా గొంతులు పోయేలా పిలిస్తే రాని గుంట, ఈయేళ ఎక్కడ పిలిస్తే వచ్చింది బాబూ?”