చిటికెడు తెల్ల నువ్వులు

వేగుతున్న నల్ల నువ్వుల్లో చిటికెడు తెల్ల నువ్వులు వచ్చి పడ్డాయి.

మాస్టారు వాటిని వేసిన చెయ్యి గబుక్కున పట్టుకున్నాడు.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"తెల్ల నువ్వులు నాయనా."

"నాకు కళ్ళున్నాయి."

"ఉన్నాయిలే. పని చెయ్యంది అవి కాదు."

నూలు మిల్లు క్యాంటీన్లో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారంటారు. ఏడేళ్ళుగా గడియారం చూడకుండా, గరిటె నాకకుండా, వాసనని బట్టే వంట దించిన మనిషి. ముక్కుకు సూటిగా పోవడం ఆయన వంటకీ అలవాటే, మాటకీ అలవాటే.

ఆ ముక్కు మూడు రోజులుగా జలుబుతో మూతపడింది. ఆ సంగతి ఆయన భార్యకి తప్ప ఎవరికీ తెలియదు.

మామూలు రోజైతే ఎలాగో గడిచేది. ఇవాళ మధ్యాహ్నం మేనేజరు వచ్చి మూడు వంటలు రుచి చూస్తాడు. నచ్చకపోతే ఒకటో తారీఖు నుంచి బయటి భోజనం డబ్బాల్లో వస్తుంది. పొయ్యికీ, దాని ముందు నిలబడే తొమ్మిది మందికీ శాశ్వత విశ్రాంతి. బేరం ఖాయం చేసుకోడానికి ఆ డబ్బాల బండి అప్పుడే వచ్చి గేటు బయట కాచుకుని ఉంది.

"అయినా ప్రతిదాంట్లో ఆ నువ్వులెందుకయ్యా, పళ్ళల్లో ఇరుక్కోవడానికా?" అన్నాడు మేనేజరు పోయిన వారం.

అంతే. వ్యవహారం నువ్వా నేనా అన్నదాకా వచ్చింది కనక మాస్టారు నువ్వునే ఎంచుకున్నాడు. మూడు వంటలూ నువ్వులతోనే. పైన నువ్వులద్దిన రొట్టె. నువ్వుల ముద్దలో మగ్గిన వంకాయ. ఆఖర్న బెల్లం పాకంలో నల్ల నువ్వుల బిళ్ళలు.

మొదటి రెంటికీ తెల్ల నువ్వులు. రంగు తిరగ్గానే తెలిసిపోతుంది. నల్లవాటితోనే చిక్కు. పచ్చిగా ఉన్నా నలుపే, వేగినా నలుపే, మాడినా నలుపే. వాటి గుట్టు ముక్కుకొక్కదానికే తెలుసు.

కూరలు తరిగే మనిషి రాకపోయేసరికి, పొద్దున్నే గేటు దగ్గర పనడుగుతూ నిలబడ్డ ఈ ముసలామెని లోపలికి రానిచ్చాడు. వంకాయలు బాగానే తరిగింది. ఇప్పుడేమో ఈ నిర్వాకం.

"నా ముక్కుకేం?" అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు మూకుడు చూడ్డం లేదు నాయనా. మా మొహాలు చూస్తున్నావు. ఎవరైనా ముక్కు చిట్లిస్తే దించుదామని."

పక్కన పిండి కలుపుతున్నతను నవ్వు ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడం మాస్టారి కంట పడింది.

"నా నువ్వుల్లో మచ్చలేసి, పైగా నాకే పాఠాలా? నడు బయటికి."

ముసలామె బతిమాలలేదు. చెయ్యి దులుపుకుంది.

"పోతాను. తెల్లవి బంగారం రంగుకి తిరగ్గానే దించు. పంతముంటే నామీద చూపించుకో, పొయ్యి మీద కాదు."

ఆమె గుమ్మం దాటగానే మాస్టారు ఆ వాయి మొత్తం చెత్తబుట్టలో కుమ్మరించాడు. ఒక్క తెల్ల గింజ లేకుండా మళ్ళీ వేయించాడు. దించి, నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు.

జలుబు చేసిన నాలుక్కి కూడా తెలిసిపోయేంత చేదు.

డబ్బాలో నల్లవి ఇంకొక్క వాయికి సరిపడా మిగిలాయి. మేనేజరు గంటలో వస్తాడు.

మాస్టారు అటూ ఇటూ చూశాడు. తన సొంత వంటింట్లో తనే దొంగలా చిటికెడు తెల్ల నువ్వులు తీసి మూకుట్లో వేశాడు. అందరూ చూశారు. చూడనట్టు తలా ఒక వంకాయకేసి చూశారు.

తెల్లవి లేతగా పసుపెక్కాయి. బంగారం రంగుకొచ్చాయి. దించేశాడు.

మేనేజరు రొట్టె తిన్నాడు. వంకాయ తిన్నాడు. బిళ్ళ తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"ఈ తెల్లవేంటి? ఏరలేదా?"

పొద్దున్నయితే మాస్టారు కూర్చుని ఒక్కొక్కటీ ఏరేవాడే.

"అవి ఉంటాయండీ."

"నేను తీసెయ్యమంటే?"

"వాటిని తీసేస్తే నన్నూ తీసేసినట్టే. ముందు కొరకండి, తర్వాత తీద్దురు."

తొమ్మిది మందీ పని ఆపేసి ఇటే చూశారు.

మేనేజరు కొరికాడు. నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. మూడోది జేబులో వేసుకుని, "డబ్బాల వాళ్ళని వెళ్ళిపొమ్మనండి" అంటూ లేచాడు. పళ్ళల్లో ఇరుక్కున్న గింజని నాలుకతో వెతుక్కుంటూ వెళ్ళాడు.

తర్వాత పెద్ద మేస్త్రీ వచ్చాడు. మిల్లులో అందరికంటే పాతవాడు. పళ్ళెంలో బిళ్ళ చూసి ఆగిపోయాడు.

"ఆవిడ వచ్చిందా?"

"ఎవరు?"

"ఈ పొయ్యి మొదట వెలిగించినావిడ. నువ్వు రాకముందు ఇక్కడ వండేది. నల్లవాటిలో తెల్లవి కలిపేది ఆవిడొక్కతే."

మాస్టారు చేతిలో పళ్ళెంతోనే గేటుకి పరిగెత్తాడు.

"ముసలామేనా? ఇక్కడే కూచుని ఆ పొగగొట్టం కేసి చూస్తూ ఉంది" అన్నాడు వాచ్‌మన్. "డబ్బాల బండి వెనక్కి తిరిగిపోయాక లేచి బస్సెక్కింది."

ఆమెకి ఒక్క బిళ్ళయినా పెట్టలేదు. మాస్టారు మెల్లగా వెనక్కొచ్చాడు.

"నా ముక్కు పని చెయ్యట్లేదని ఒక్క పూటలో ఎలా పట్టేసింది మేస్త్రీ?"

మేస్త్రీ పళ్ళెంలోంచి తీసుకున్న బిళ్ళ నమలడం ఆపాడు.

"దూది గోదాం తగలబడినప్పుడు ఆ పొగకి ఆవిడకి వాసన తెలియకుండా పోయింది; అప్పట్నుంచీ ఇరవై రెండేళ్ళు, మా మొహాలు చూస్తూనే వండింది."