మసలని నీళ్లు

“నీళ్లు ఇంకా మసలలేదే వనజా! అప్పుడే దించుతాండావేంది?”

గురమ్మ వంటింటి గడపలో నిలబడి అరిచింది. కోడలు వనజమ్మ వింటేగా! చెంబు అడుగున సన్నబుడగలు లేచీలేవకముందే మసిగుడ్డతో పట్టి దించేసింది. ఇత్తడి ఫిల్టరులోని పొడి మీద ఆ నీళ్లు తీరిగ్గా పోసింది.

“మసిలిన నీళ్లు పోస్తే పొడి మాడి చేదెక్కుతాది అత్తా. ఈ పొయ్యి నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఇంతే.”

పొయ్యి నా చేతిలో ఉన్నన్నాళ్లట! నిన్నగాక మొన్న పులివెందుల నుంచి వచ్చిన పిల్ల! గురమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. జమ్మలమడుగు చుట్టుపక్కల కాఫీ అంటే గురమ్మ ఇంటి కాఫీ. ప్రొద్దుటూరు నుంచి పొడి తెప్పించి, పొగలు కక్కేట్టు కలిపి ఇచ్చేది. పెద్దమనుషులు గ్లాసు పట్టుకోలేక పైగుడ్డ చుట్టుకుని తాగేవాళ్లు. అదీ మర్యాదంటే. ఈ మహాతల్లి చేతి కాఫీని పిల్లి కూడా మూతి పెట్టి గటగటా తాగేయొచ్చు.

పోనీ, దాన్నయినా తిన్నగా ఇస్తుందా? మొగుడికి ఇచ్చేముందు మళ్లీ మళ్లీ తిరగబోస్తుంది. డబరా గిన్నెలో పెట్టి, తన వేలితో తాకి చూసి మరీ చేతికిస్తుంది. స్నానానికి నీళ్లు తోడినా అంతే. తన మోచెయ్యి ముంచి చూడందే ఆదినారాయణను గంగాళం దగ్గరికి రానివ్వదు. మొన్న వాడు పొయ్యిలో కట్టె ఎగదోయబోతే చెయ్యి పట్టి లాగేసింది. ఇంత మగాణ్ణి పసిబిడ్డను చేసి కొంగున కట్టేసుకుంది. బ్రహ్మంగారిమఠానికి పోయొస్తామని నెలనెలా వాణ్ణి వెంటబెట్టుకుని పోతుంది, ఒక్కసారైనా చిటికెడు విభూతి తెచ్చిన పాపాన పోలేదు. తెచ్చేదల్లా ఏవో మాత్రల పొట్లాలు, అడిగితే బలానికంటుంది.

కొడుకును నిలదీద్దామంటే వాడికీ చీమకుట్టినట్టు లేదు.

“నీకు నోరు లేదేందిరా నాయనా? కాఫీ వేడిగా కావాలని అడగలేవా?”

“నాకిట్లే బాగుందమ్మా.”

“ఆ వేలికి గుడ్డ ఏంది?”

“బీడీ చురకలే. వదిలెయ్‌.”

ఇన్నాళ్లూ వదిలేసింది. కానీ ఈ పొద్దు వదిలే పొద్దు కాదు. పంచాయతీ ప్రెసిడెంటుగా ఆదినారాయణను నిలబెట్టాలా వద్దా అని తేల్చడానికి పెద్దమనుషులు ఇంటికొస్తున్నారు.

“ఇంటికొచ్చినోళ్లకు గోరువెచ్చని కాఫీ ఇచ్చి నా కొడుకు పరువు తీస్తావా? ఈ పొద్దు మసిలిన నీళ్లే పొయ్యల్ల. లేదంటే పెట్టె సర్దుకోని మీ అమ్మగారింటికి పో.”

“పెట్టె సర్దుకుంటా గానీ, ఆ నీళ్లు మాత్రం పొయ్యను.”

“ఎంత పొగరే నీకు!”

“ఉండల్ల కదా మరి.”

గురమ్మ కొంగు నడుముకు దోపింది. కోడల్ని భుజంతో పక్కకు నెట్టి పొయ్యి ముందు తానే కూర్చుంది. కట్టెలు ఎగదోసింది. నీళ్లు కుతకుత ఉడికాయి. పాలు పొంగాయి. చెంబెడు కాఫీ కలిపి, పొడుగాటి ఇత్తడి గ్లాసుల్లో నిండుగా పోసింది.

“అత్తా, నీ కాళ్లకు మొక్కుతా. ఆయనకొక్కనికి నేనిస్తా.” వనజమ్మ గ్లాసు కోసం చెయ్యి చాచింది.

“దూరం జరుగు!”

వసారాలో చాప మీద ఆదినారాయణ పక్కన ఊరిపెద్ద చాంద్ బాషా, మైదుకూరు నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన కూర్చుని ఉన్నారు. పెద్దాయన గ్లాసు అందుకోగానే “అబ్బబ్బా!” అని కింద పెట్టి వేళ్లు ఊదుకున్నాడు. చాంద్ బాషా పైగుడ్డ చుట్టి పట్టుకుని నవ్వాడు.

“ఎన్నాళ్లకు గురమ్మక్క కాఫీ! ఇదిగో, కాఫీ అంటే ఇదీ!”

గురమ్మకు ప్రాణం లేచొచ్చింది. కొడుకు వైపు గర్వంగా చూసింది. వాడు గ్లాసును కుడిచేతి గుప్పిట్లో పట్టుకుని, ఇంకా నోట పెట్టకుండా, కాలవ నీళ్ల గొడవ గురించి ఆవేశంగా మాట్లాడుతూనే ఉన్నాడు.

లోపలినుంచి వనజమ్మ దూసుకొచ్చింది. మగవాళ్ల మధ్యకు నడిచి, మొగుడి చేతిలోని గ్లాసును ఒక్క దెబ్బకు కింద పడగొట్టింది. కాఫీ చాపంతా పారింది. అందరూ నోళ్లు తెరిచారు.

“నా చేతి కాఫీ తప్ప ఆయన్ని ఇంకొకరిది తాగనియ్యను!” అంది తలెత్తి.

ముందుగా చాంద్ బాషాయే తేరుకుని పకపకా నవ్వాడు.

“ప్రెసిడెంటు మీ ఆయనామ్మా, నువ్వా?”

“ఇద్దరమూ మామా.”

మైదుకూరు పెద్దాయన కూడా నవ్వేశాడు. ఇంత గట్టి ఇల్లాలున్నోడు ఎవరికీ లొంగడులే అని, ఆదినారాయణ పేరే ఖాయం చేసి లేచారు.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా గురమ్మ నవ్వు మొహంతోనే ఉంది. తర్వాత తలుపు మూసింది.

“పెట్టె తీ. నలుగురిలో నా మొహాన కాఫీ కొట్టినట్టు చేసినావు. ఈ ఇంట్లో నేనన్నా ఉండల్ల, నువ్వన్నా ఉండల్ల.”

వనజమ్మ ఏడవలేదు. రేకుపెట్టె లాగి చీరలు పెట్టుకోసాగింది.

“పోతా అత్తా. ఆయన్ని కూడా తోడుకోని పోతా. ఆయన్ని ఈ పొయ్యి కాడ వదిలి పోను.”

“నా కొడుకు యాడికీ రాడు!”

గురమ్మ ఆదినారాయణ కుడిచెయ్యి పట్టుకుని తన వైపు లాక్కుంది. వేళ్లకు తడి తగిలింది. ఆ చేతిని తిప్పి చూసింది. అరచేతి నిండా బొబ్బలు. ఒకటి చిట్లి నీరు కారుతోంది.

“అయ్యో, నా నాయనా! ఇంతగా కాలితే నోరెత్తలేదేందిరా!”

చీరలు మడతపెడుతున్న వనజమ్మ చేతులు ఆగిపోయాయి. ఆదినారాయణ తన ఎడమచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“యాడ కాలిందమ్మా?”