ఒక్కటే లైను

“ఫోను ముట్టుకోకండి బాబాయ్!”

కంప్యూటర్ గదిలోంచి ఇంజనీరు పరిగెత్తుకొచ్చింది. నర్సుల కౌంటర్ మీదున్న ఫోను దాకా వెళ్ళిన టైలర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“మా మరదలికి ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తానమ్మా. వాళ్ళక్క మెట్ల మీంచి పడిందని దానికింకా తెలీదు.”

“మీరది ఎత్తితే లోపల మోడెం కనెక్షన్ తెగిపోతుంది. ఆసుపత్రి మొత్తానికి మిగిలింది ఈ ఒక్కటే లైను. ఇప్పుడు దాంట్లో వెళ్తున్నది మీ ఆవిడ తల స్కానే.”

టైలర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెడలోని కొలత టేపును వేలికి చుట్టడం, విప్పడం మొదలుపెట్టాడు.

రోడ్డు తవ్వేవాళ్ళు ఫైబర్ తెంపేశారు. దాంతో సెల్ టవర్ కూడా మూగబోయింది. సరిగ్గా ఆ సమయానికే ఇంజనీరు, స్కాన్ బొమ్మల్ని పెద్దాసుపత్రిలోని మెదడు డాక్టరుకు పంపే మీట నొక్కింది. ‘అందినట్టు సమాధానం లేదు’ అని తెర మీద వచ్చింది. సర్జన్ ఈ ఫోనులోనే పెద్దాసుపత్రికి చేశాడు. డాక్టరుగారు సీట్లో లేరని, బొమ్మలు చూడకుండా ఆయన ఏమీ చెప్పరని అటెండరు పెట్టేశాడు. ఇంజనీరు బీరువాలోంచి, ఫోను తీగ మీదే ఫైళ్ళు పంపే పాత మోడెం తీసి, దుమ్ము దులిపి, లైనుకు తగిలించింది. పెద్దాసుపత్రిలోని మోడెం, మనిషి ఎత్తే పని లేకుండా, తనంతట తనే పలికింది.

సర్జన్ వార్డులోంచి బయటికి వచ్చాడు. “ఎంత వెళ్ళింది?”

“సగం దాటింది సార్.”

“పదిహేను మెగాబైట్లే కదమ్మా! లైను సెకనుకు ముప్ఫై మూడు కిలోబిట్లన్నావు. నా లెక్కన ఏడెనిమిది నిమిషాల్లో అయిపోవాలి.”

“ఫైలు కొలిచేది బైట్లలో సార్. లైను కొలిచేది బిట్లలో. ఎనిమిదితో గుణించండి. గంట.”

“అంగుళాల్లో కొలిచి సెంటీమీటర్లలో కత్తిరించినట్టు,” అన్నాడు టైలర్.

“అదే ఫైబర్లో అయితేనో?” అన్నాడు సర్జన్.

“సెకను కూడా పట్టదు. ఇలాంటి మోడెంలు నాలుగువేల ఆరొందలు కలిస్తే ఆ ఫైబర్.”

“మరి మిగతా నాలుగువేల మందీ ఎక్కడ చచ్చారమ్మా?” అన్నాడు టైలర్.

ఎవరూ నవ్వలేదు. టైలర్ నవ్వించడానికి అనలేదు కూడా.

“మీరైనా ఏదో ఒకటి చెయ్యండి డాక్టరుగారూ,” అన్నాడు.

“చూడు పెద్దాయనా. స్కాన్లో ఒక మచ్చ ఉంది. నెత్తురు గడ్డయితే ఇప్పుడే తెరిచి తీసేస్తాను. రక్తనాళం ఉబ్బయితే మాత్రం నేను కత్తి పెట్టగానే మనిషి బల్ల మీదే పోతుంది. ఏది ఏదో చెప్పగలిగేది ఆ మెదడు డాక్టరొక్కడే. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే నాలుగు గంటల ప్రయాణం.”

సర్జన్ లోపలికి వెళ్ళాడు. ఇంజనీరు తెర దగ్గరికి వెళ్ళింది. పెద్ద నర్సు వచ్చి కౌంటర్ వెనక కూర్చుని, రిసీవర్ మీద అరచెయ్యి పెట్టింది.

“కాలుగాలిన పిల్లిలా తిరక్కండి బాబాయ్. నాక్కూడా కళ్ళు తిరుగుతున్నాయి.”

“ఎంతయిందో అడగమ్మా.”

“ఇప్పుడేగా అడిగారు!”

“మళ్ళీ అడుగు.”

“ఎంతయిందే?” అని కేక వేసింది నర్సు.

“అరవై ఒకటి!” లోపలినుంచి జవాబు.

“ఇందాక అరవై అంది,” అన్నాడు టైలర్. “అరవై నుంచి అరవై ఒకటి అయ్యేలోపు ఒక చొక్కా కుట్టొచ్చు.”

వార్డులోంచి సర్జన్ గొంతు వినిపించింది. “సిస్టర్! తొందరగా రండి. కుడి కనుపాప పెద్దదవుతోంది, లోపల మెదడు నొక్కుకుపోతోంది!”

నర్సు లేచి పరిగెత్తింది. వార్డు తలుపు ఊగి ఆగింది.

కౌంటర్ దగ్గర టైలర్ ఒక్కడే మిగిలాడు. నాలుగైదు నిమిషాలైనా ఎవరూ బయటికి రాలేదు. ఫోను పక్కన అతికించిన కాగితం మీద పెద్దాసుపత్రి నంబరు ఉంది. దాన్ని రెండుసార్లు చదివాడు. వార్డు వైపు చూశాడు. ఆ డాక్టరెవరో ఆయన్నే పిలిపించి, కాళ్ళావేళ్ళా పడదామనుకున్నాడు. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

కీచుమని చప్పుడు చెవిలో దూరింది. ఆ తర్వాత ఏమీ లేదు.

“ఎవరది ఎత్తింది?” ఇంజనీరు బయటికి వచ్చింది. టైలర్ చేతిలో రిసీవర్ చూసి, లాక్కుని, దాని చోట పెట్టేసింది. “అరవై ఎనిమిది దగ్గర తెగిపోయింది బాబాయ్! మళ్ళీ మొదట్నుంచి. ఇంకో గంట!”

“నేను... వాళ్ళనే అడుగుదామని తల్లీ...”

“ఏమడుగుతారు? బొమ్మ లేకుండా వాళ్ళేం చెప్తారు?”

టైలర్ నేల మీద కూలబడ్డాడు. వార్డు తలుపు తోసుకుని సర్జన్ వచ్చాడు. అతన్ని చూశాడు, ఇంజనీరును చూశాడు. 

ఫోను మోగింది.

ఇంజనీరు విసుగ్గా ఎత్తింది. రిసీవర్లోంచి వచ్చిన గొంతు సర్జన్ దాకా వినిపించింది.

“అది నెత్తురు గడ్డేనయ్యా, ముందు తెరిచి తీసెయ్యండి! బొమ్మలు మీరు పంపిన క్షణమే నా దగ్గరికి వచ్చేశాయి, ఆ మాట చెప్దామని ముప్పావుగంట నుంచీ చేస్తున్నా, ఎప్పుడు చూసినా మీ ఫోను ఎంగేజే!”